ముందు నోటీసు, ఆ తర్వాతే షాకు!

ప్రభుత్వ కార్పొరేషన్ మీద దావా వేయాలంటే ముందు నోటీసిచ్చి రెండు నెలలు ఆగాలన్న నిబంధన ఉంది చూశారూ, అది పెట్టిన మహానుభావుడికి గుడి కట్టాలి! ఎంత మర్యాద, ఎంత సంస్కారం! చుట్టాలింటికి వెళ్లేముందు ఫోన్ చేయమూ? ఇదీ అంతే.

నమ్మకం లేకపోతే హరిలాల్‌ను అడగండి. మూసీ పక్క తండాలో వరి పండించుకునే మనిషి. అతని పొలంబాట మీద గ్రామదీప కార్పొరేషన్ వారి కరెంటు తీగ వినయంగా వంగి వేలాడుతోంది. భార్య రంగి నెత్తిన గడ్డిమోపుతో వస్తుంటే మోపుకూ తీగకూ మధ్య జానెడు దూరం కూడా ఉండదు. ఆమె ఇల్లు చేరేదాకా రోజూ హరిలాల్ ప్రాణం ప్రాణంలో ఉండదు.

లైన్‌మన్‌కు చెప్పాడు. ఆఫీసుకు వెళ్లి దండం పెట్టాడు. చివరికి విసిగిపోయి, మిర్యాలగూడ కోర్టులో ప్రాక్టీసు చేసే కోదాడ లాయరమ్మ శ్రీలతను పట్టుకున్నాడు. ఆమె పంపిన నోటీసును మిర్యాలగూడ ఆఫీసు తిప్పి పంపింది. తీగకు ఇటువైపు స్తంభమే తమదట, అటువైపుది సూర్యాపేట ఆఫీసుదట! మరి మధ్యలో వేలాడేది ఎవరిది? ఇద్దరికీ విడివిడిగా మళ్లీ నోటీసులు, మళ్లీ మొదటి నుంచి ఎదురుచూపులు. ఓపిక అనే సద్గుణం ఊరికే అబ్బుతుందా?

"అప్పటిదాంక నా ఇంటిది సస్తే?" అన్నాడు హరిలాల్.

"అర్జెంటయితే జడ్జిగారి అనుమతితో ఆగకుండానే వేయొచ్చండి. కానీ అర్జెంటని చూపించాలి. ఎవరికైనా షాక్ కొట్టిందా?"

"ఇంకా కొట్టలే మేడం."

"అదేనండీ మన కేసుకొచ్చిన చిక్కు."

రంగి బతికి ఉండటమే కేసుకు పెద్ద లోపమైపోయింది!

రంగి చట్టం చదువుకోలేదు, అందుకే తొందరపడింది. "నీ కాయితం తీగను లేపుతదా? జర పంగ ఉన్న ఎండుకర్ర తే" అంది. ఈ చుట్టుపక్కల రైతులందరికీ తెలిసిన వైద్యమే. కరెంటు పోయిన వేళ చూసి తీగ కింద పొడుగాటి కర్ర పాతి, దాని పంగలో తీగను నిలిపారు. తీగ బుద్ధిగా పైకి లేచింది. ఆ సాయంత్రం రంగి మోపుతో నిటారుగా నడిచి వచ్చింది.

మరునాడు పొద్దున్నే జీపు! ఇన్నాళ్లూ తండాకు దారి దొరకని కార్పొరేషన్‌కు ఒక్క రాత్రిలో దొరికింది. మిర్యాలగూడ వారూ సూర్యాపేట వారూ ఒకే జీపులో దిగి, తీగంతా తమదేనని ముక్తకంఠంతో ఒప్పుకున్నారు. సంస్థ ఆస్తిని ముట్టుకున్నందుకు కేసన్నారు. కర్రను పీకి, సాక్ష్యమంటూ జీపులో పడేశారు. తీగ మళ్లీ కిందికి దిగింది.

హరిలాల్ తనకు వచ్చిన చట్టమంతా బయటికి తీశాడు.

"కేసెట్ల పెడ్తరు సార్? నాకు నోటీసియ్యలే, రెండు నెల్లు ఆగలే!"

ఇంజనీరు గారు నిజంగానే జాలిపడ్డారు.

"నీకెందుకయ్యా నోటీసు? నువ్వేమన్న కార్పొరేషన్‌వా? ఉత్త మనిషివేనాయె!"