ఆవాల మూట

ఆదివారం పొద్దున్నే బుజ్జిబాబు చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. సాయంత్రం సుభాష్‌పల్లిలో మేనమామ కూతురి నిశ్చితార్థం. పెద్ద ఆపరేషనయ్యాక ఏ శుభకార్యానికీ వెళ్ళని తల్లి పోలమ్మ, ఈసారి తనూ వస్తానంది.

వంటింట్లో భార్య కిరణ్మయి ఫోనులో గొంతు తగ్గించి మాట్లాడుతోంది. బుజ్జిబాబుది పుట్టు అనుమానం. పులుసులో ముక్క తగ్గినా ఎవరికి పెట్టేసిందో అని చూస్తాడు. చెవి అటు వేశాడు.

"సిలికాన్‌దా, ఉప్పునీళ్ళదా, ఏది మంచిది సిస్టర్? లోపల పగిలిపోతే? గట్టిపడిపోద్దా? కొన్నేళ్ళకి మళ్ళీ మార్చాలా? పోనీ, పొట్ట దగ్గర కండ తీసి రొమ్ము కడితే రెండు కోతలు కదా... మా ఆయనకి మాత్రం తెలీకూడదు."

ఇస్త్రీపెట్టె చొక్కా మీదే ఉండిపోయింది. వీపున మాడు మరక పడ్డాక గానీ అతనికి వాసన తెలియలేదు. 'ఓరి నాయనో! ఇద్దరు పిల్లల తల్లికి ఈ సోకేటి? ఎవరికోసం?'

ఇంకో చొక్కా కోసం పెరట్లోకి వెళ్ళాడు. దండెం మీద చొక్కాలేవీ ఆరలేదు గానీ, లంగా చాటున పాత చీరగుడ్డతో కుట్టిన గుండ్రటి మూట కనిపించింది. కుట్టు విప్పి చూస్తే లోపలన్నీ ఆవాలు! చిల్లంగి! ఆ ఆపరేషన్‌కి మొగుడు కిమ్మనకుండా తలాడించాలని మంత్రం పెట్టించింది! లెక్క చక్కగా కుదిరింది.

"దాదా, ఇటు సూడు!" అని బెంగాలీ అన్నవరసలో పక్క క్వార్టరు సమూయేల్ని పిలిచాడు. సమూయేలు పళ్ళపుల్ల నోట్లోనే ఉంచుకుని వెనక్కి జరిగాడు.

"మా మతంలో ఇలాటియ్యి నమ్మం బాబూ. అయినా నాను ముట్టను. కాల్చేయ్."

ఎండుటాకులు పోగేసి మూటని మంటలో పడేశారు. ఆవాలు ఊరుకుంటాయా! టపటపా పేలాయి. సమూయేలు "ప్రభువా!" అంటూ గోడ దూకాడు. ఆ కేకకి న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో ఆ లైనంతా బయటికొచ్చింది.

"ఏటయిందేటి?" అన్నారు.

"మా ఇంటిది నామీద చిల్లంగెట్టింది! పైగా రొమ్ములు పెంచుకోడానికి ఆపరేషనంట!" అని బుజ్జిబాబు అందరి ముందూ అరిచేశాడు.

కిరణ్మయి కళ్ళు నిప్పులు చెరిగాయి. వెనకాలే పోలమ్మ దుప్పటి కప్పుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఒరే, ఆ మూట నాదిరా."

"నీదేటమ్మా?"

"కేన్సరని ఒక పక్క కోసేసినారు కదా. మాయమ్మ బతికింది, అదే సాలనుకున్నావు నువ్వు. నాకు జాకెట్టు ఓ పక్క జారిపోతాదిరా. అందుకే ఆవాలు మూటగట్టి లోపలెట్టుకుంటన్నాను. సెమట పట్టిందని ఎండకేసినాను. కోడలు ఫోన్లో అడిగిందీ నా గురించే. రేడియేషనని కరెంటిచ్చిన వొళ్ళు, కోస్తే ప్రమాదం ఎక్కువంట. సేయించుకుంటానో లేదో నాకే తెలీదు. కొడుకుతో సెప్పుకునే మాటేటిరా ఇది? ఇప్పుడు లైనుకంతా సాటేసినావు."

లైనంతా లోపలికి సర్దుకుంది. పోలమ్మ వెళ్ళి మంచం మీద కూర్చుంది. "నాను రాను. మీరెళ్ళండి."

బుజ్జిబాబుకి భూమి చీలితే బాగుండుననిపించింది. వంటింట్లోకి వెళ్ళి ఆవాల డబ్బా, పాత చీరగుడ్డ, సూదీదారం తెచ్చుకుని కూర్చున్నాడు. కుట్టు వంకరపోయింది, వేలికి సూది దిగింది.

"ఇలా ఇవ్వండి, సాల్లెండి," అని కిరణ్మయి లాక్కుంది. "రాత్రికి మీ సంగతి సెప్తాను."

డబ్బాలోవి సగానికే వచ్చాయి. గోడ అవతల అన్నీ విన్న సమూయేలు చెయ్యి ఇటు చాపాడు. చేతిలో ఆవాల పొట్లం.

"ఇవి ఉత్త ఆవాలే బాబూ. పరవాలేదు, నాను ముట్టినాను."

సాయంత్రం సుభాష్‌పల్లిలో పోలమ్మ ముందు వరసలో, పైట సర్దుకునే పని లేకుండా, నిటారుగా కూర్చుంది. వెనక వరసలో బుజ్జిబాబు వీపు మాడిన చొక్కాతో గోడకి అంటుకుని నిలబడ్డాడు.

జీతాలొచ్చేదాకా ఆ రెండు క్వార్టర్లలోనూ పప్పుకి జీలకర్ర తాలింపే.