బీపీ లేని మండలం

బొమ్మలగుట్ట మండలానికి వానలు తేవడం తన చేతుల్లో లేదనీ, ఆరోగ్యం తేవడం మాత్రం పూర్తిగా తన చేతుల్లోనే ఉందనీ ఎమ్మెల్యే హనుమంతప్ప గారు శెనక్కాయల గోదాములో ప్రకటించారు. పంటలు లేక గోదాము ఎప్పట్నుంచో ఖాళీగా పడి ఉంది. కరువులో కూడా ఒక ప్రయోజనాన్ని చూడగలిగిన ఆయన దూరదృష్టి వల్లే అందులో మెడికల్ అసిస్టెంట్ల శిక్షణ కేంద్రం వెలిసింది. ఇంటికొక మెడికల్ అసిస్టెంట్ ఉంటే రోగం గడప దాకా వచ్చి, మొహమాటపడి వెనక్కి పోతుందని ఆయన అనగానే చప్పట్లకు గోదాములో దుమ్ము రేగింది. ఆ దుమ్ముకు ముందు వరుస వాళ్లంతా దగ్గారు.

దగ్గినవాళ్లలో జ్యోతిలక్ష్మి ఒకతె. ఇంటర్లో బైపీసీ చదివి, ఆ తర్వాత తల్లి ఓబులమ్మతో కలిసి కూలికి పోతున్న పిల్ల. పోయినేడు కందిచేలో ఓబులమ్మ కళ్లు తిరిగి పడిపోయింది. ఆరోగ్య కేంద్రంలో ఒక నర్సు ఆమె చేతికి పట్టీ కట్టి, చెవుల్లో గొట్టాలు పెట్టుకుని, డాక్టరు వచ్చేలోపే సంగతి కనిపెట్టేసింది. బీపీ చాలా ఎక్కువగా ఉందనీ, మాత్ర ఒక్కరోజు కూడా మానకూడదనీ చెప్పింది. అప్పట్నుంచీ జ్యోతికి ఆ పని మీదే మనసు.

కేంద్రంలో బీపీ మిషను ఒక్కటే ఉంది. తమ వంతు వచ్చే దాకా మిగతా పిల్లలు తువ్వాలు చేతికి చుట్టుకుని, పాత ఆటోల హారన్ బుడ్డీలు నొక్కుతూ సాధన చేసేవాళ్లు. తరగతి జరుగుతుంటే ఊరి మీదికి ఆటోలు దండెత్తినట్టు ఉండేది. జ్యోతి మాత్రం అందరూ అన్నానికి పోయినప్పుడు అసలు మిషను తీసుకుని, వాచ్‌మన్ మారెప్ప చేతికి కట్టి కట్టి పని నేర్చుకుంది.

కొన్నాళ్లకు ఎమ్మెల్యే గారు తనిఖీకి వచ్చారు. శిక్షకుడు నారాయణ సారు ఆయనకు బీపీ చూడమని జ్యోతిని పిలిచాడు. ఆమె పట్టీ కట్టింది, గాలి కొట్టింది, విన్నది. అనుమానమొచ్చి ఇంకోసారి విన్నది.

"నూట తొంబై..." అని మొదలుపెట్టింది.

ఎమ్మెల్యే గారి పీఏ సురేంద్రకు పెద్దగా దగ్గు వచ్చింది. నారాయణ సారు మైకు అందుకున్నాడు.

"నూట ఇరవై, ఎనబై! పుస్తకంలో రాసినట్లే ఉండాది సార్ మీది!"

చప్పట్లు మోగాయి. ఫోటోలు తీశారు. కార్లు వెళ్లిపోయాక జ్యోతి సారు దగ్గరికి పోయింది.

"సార్, నాకు నూట తొంబై కాడ వినపడింది."

"వినపడింది నీ చెవికి గదమ్మా. ఆయనకేం సంబంధం?"

"మిషను కూడా అంతే చూపించింది సార్."

"మిషనుకేం తెలుసు పాపా? అదేమన్నా పార్టీ మెంబరా? బీపీ చూసేటప్పుడు ముందు మనిషిని చూడల్ల. ఆ తర్వాతే మిషన్ను చూడల్ల."

వైద్యశాస్త్రంలో ఇంత ముఖ్యమైన సూత్రం తన పుస్తకాల్లో ఎక్కడా లేనందుకు జ్యోతికి ఆశ్చర్యమేసింది.

మరునాడు పేపర్లో తన బీపీ గురించి చదువుకుని ఎమ్మెల్యే గారు చలించిపోయారు. సాయంత్రానికల్లా ప్రెస్ మీట్ పెట్టారు.

"నాకొక బీపీ, నా ప్రజలకొక బీపీయా? ఇది న్యాయమేనా? నాకున్న బీపీనే ప్రతి పేదవానికీ ఉండల్ల. నెల తిరిగేలోపు ఈ మండలంలో బీపీ అనేది లేకుండా చేస్తా!"

సమానత్వం మీద ఉపన్యాసాలు ఇచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. దాన్ని నరాల దాకా తీసుకుపోయిన నాయకుడు ఈయనే.

శిక్షణలో ఉన్న పిల్లల్ని ఊళ్ల మీదికి పంపారు. అందరికీ నార్మల్ వస్తేనే సర్టిఫికెట్లు ఇస్తామని నారాయణ సారు చెప్పాడు. జ్యోతికి తన ఊరే పడింది. మొదటి ఇల్లు సుంకప్పది. వేసిన బోర్లన్నీ ఎండిపోయి అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"తల తిరగతాండాది పాపా," అన్నాడు.

జ్యోతి చూసింది. చాలా ఎక్కువ ఉంది. వెనకాల నారాయణ సారు నిలబడి ఉన్నాడు.

"నార్మల్ సుంకప్పా," అన్నాడు ఆయనే.

"నార్మలంటే ఇట్లే తిరగతాదా సార్?"

"ఇంకేమనుకున్నావు? అలవాటు లేదు గాబట్టి నీకట్లుండాది."

సుంకప్ప ఇన్నాళ్లూ తాను నార్మల్ కాకుండా బతికినందుకు కొంచెం సిగ్గుపడ్డాడు.

చివరికి తన ఇంటికే రావలసి వచ్చింది. జ్యోతి తల్లి చేతికి పట్టీ కట్టి, గాలి తీసేసి, అంకె చూసి మళ్లీ గాలి కొట్టింది. ఓబులమ్మ కూతురి ముఖం చూసింది.

"అందరికీ ఏం చెప్పినావో నాకూ అదే చెప్పు పాపా. నాదొక్కటి చెడిపోతే నీ సర్టిఫికెట్టు యాడొస్తాది?"

"నార్మలని రాస్తే మళ్లీ మాత్ర ఇయ్యరమ్మా."

"బళ్లారిలో మీ చిన్నమ్మ ఉండాది గదా. పంపిస్తాదిలే."

జ్యోతి గొట్టాలు చెవుల్లోంచి తీసి మెడలో వేసుకుంది. సారుకు నార్మల్ అని చెప్పింది.

అనుకున్న గడువుకు ముందే మండలంలో బీపీ అంతరించింది. రోగం లేని చోట మందులు ఉంచడం ప్రజాధనం దుర్వినియోగం కాబట్టి ఆరోగ్య కేంద్రంలోని బీపీ మాత్రల్ని జిల్లాకు తిప్పి పంపేశారు. ఇంత ఆరోగ్యవంతమైన మండలంలో డాక్టరు ఖాళీగా ఉండకూడదని ఆయన్నూ వేరే చోటికి డిప్యుటేషన్ మీద పంపారు. ప్రభుత్వ విజయాన్ని అనుమానించినట్టు ఉంటుందని మెడికల్ షాపువాడు కూడా బీపీ మాత్రలు తీసేసి, ఆ అరలో ఎమ్మెల్యే గారి ఫోటో పెట్టుకున్నాడు. అంతవరకూ ఎమ్మెల్యే గారికి మాత్రలు ఆరోగ్య కేంద్రం నుంచే, సురేంద్ర అత్తగారి పేరు మీద పోతుండేవి. అత్తగారికీ నార్మల్ వచ్చింది కాబట్టి అవీ ఆగిపోయాయి.

గోదాము ముందు మైదానంలో విజయోత్సవ సభ పెట్టారు. ఎండ మాడ్చేస్తోంది. బీపీ పోయినవాళ్లందరికీ శాలువాలు కప్పి ముందు కుర్చీల్లో కూర్చోబెట్టారు. ఓబులమ్మ కూడా శాలువా కప్పుకుని చెమటలు కక్కుతూ కూర్చుంది. ఎమ్మెల్యే గారు ప్రసంగం మొదలుపెట్టారు.

"ఈ రోజు మన మండలం దేశానికే..." అని ఆగారు. "దేశానికే..." అని మళ్లీ అన్నారు. ముక్కులోంచి నెత్తురు కారి తెల్లచొక్కా మీద పడింది. సురేంద్ర పరుగెత్తి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టాడు.

"మాత్ర..." అన్నారు ఎమ్మెల్యే గారు మెల్లిగా.

మండలంలో మాత్ర లేదు. సురేంద్ర వేదిక దిగి శాలువాల దగ్గరికి వచ్చాడు. ముందు కనబడిన తిప్పమ్మ అనే ముసలామె దగ్గర వంగాడు.

"అవ్వా, నీకు బీపీ ఉన్నింది గదా. మాత్ర ఏమన్నా ఉండాదా?"

"ఉన్నింది సార్. పోయిన నెల మీరే తీసేసినారు గదా."

సురేంద్ర పక్క కుర్చీకి జరిగాడు. "సుంకప్పా, నీ దగ్గర?"

"నేను నార్మల్ సార్," అన్నాడు సుంకప్ప తల పట్టుకుని. "ఇప్పుడిప్పుడే అలవాటైతాంది."

శిక్షణ పిల్లలతో వేదిక పక్కన నిలబడ్డ జ్యోతి అప్పటికే మిషనుతో పైకెక్కి ఎమ్మెల్యే గారి చేతికి పట్టీ కట్టింది. విన్నది. ఈసారి మనిషిని చూడలేదు, మిషన్నే చూసింది. కంది చేలో పడి ఉన్న అమ్మ కళ్లముందు మెదిలింది.

"ఎంత పాపా?" అన్నారు ఆయన.

నారాయణ సారు దూరం నుంచి వేళ్లతో ఏదో సైగ చేస్తున్నాడు. జ్యోతి అటు చూడలేదు.

"రెండు నూర్ల ఇరవై సార్. ఇది నార్మల్ కాదు. ఇప్పుడే పెద్దాస్పత్రికి పోవల్ల. ఇంతకుముందు చూసినప్పుడూ నార్మల్ కాదు."

ఎమ్మెల్యే గారు కళ్లు మూసుకుని, "మైకు ఆపినారా?" అని అడిగారు.

ఆపలేదు. మైదానమంతా విన్నది. తర్వాత వెనక వరుసలోంచి ఒక కార్యకర్త లేచి, "రెండు నూర్ల ఇరవై! జిల్లాలో ఎవురికీ లేదు!" అని అరిచాడు. చప్పట్లు ఆగకుండా మోగాయి.

ఆ మోతలోనే జ్యోతి వేదిక అంచుకు వచ్చి, "అమ్మా, మాత్ర!" అని కేకేసింది. ఓబులమ్మ లేచింది. ఆమె లేచిందంటే బళ్లారి మాత్రలు బయటపడతాయి, కూతురి సర్టిఫికెట్టు పోతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఓబులమ్మ నడుముకున్న తిత్తి విప్పి, మాత్రల అట్ట తీసి, తనకు మిగిలినవన్నీ కూతురి చేతిలో పెట్టింది. ఎమ్మెల్యే గారు ఒకటి మింగి, కారెక్కి, నేరుగా బెంగుళూరుకు పోయారు. పార్టీ ఆఫీసు మాత్రం ఆయన ఆరోగ్య రంగంపై అధ్యయన యాత్రకు వెళ్లారని ప్రకటించింది.

కొన్నాళ్లకు సురేంద్ర ఓబులమ్మ ఇంటికి వచ్చాడు. మంచం మీద కూర్చుని మజ్జిగ తాగాడు.

"సార్ బాగుండాడు. ఆ మాత్రే ప్రాణం నిలబెట్టిందని డాక్టర్లు అన్నారు. నిన్ను మర్యాద చేయమన్నాడు ఓబులమ్మక్కా."

"మర్యాదెందుకు సార్? నా మాత్రలు నాకు ఇప్పించండి చాలు."

"అదే కష్టంగా ఉండాది. బీపీ లేని మండలమని అవార్డు వచ్చింది. రేపో మాపో కమిటీ చూసేకి వస్తాది. వాళ్లకు నువ్వు కనపడితే ఎట్ల? అందుకని అంతా ఆలోచించి, నిన్ను బళ్లారికి మార్చినాము."

"నేనీడనే ఉండాను గదా సార్?"

"మనిషి ఈడే ఉండొచ్చు. నిన్నెవురు పొమ్మన్నారు? కాగితంలో మాత్రం నువ్వింక కర్ణాటక మనిషివి. బియ్యం ఈడ రావు, పింఛను ఈడ రాదు, మాత్రలు ఈడ అడగకూడదు. అంతే."

జ్యోతి గుమ్మంలో నిలబడి వింటోంది. "నా సర్టిఫికెట్టు సార్?" అంది.

"నీది భద్రంగా ఉండాది పాపా. కానీ ఉద్యోగమే లేదు. రోగముంటే గదా ఉద్యోగం!" అని సురేంద్ర గ్లాసు కింద పెట్టి లేచాడు. "నువ్వు చెడగొట్టింది నువ్వే బాగు చేయల్ల. కమిటీ వచ్చినప్పుడు సార్‌కు బీపీ చూసేది మళ్లీ నువ్వే."

"చూస్తా సార్," అంది జ్యోతి. "ఎంతుంటే అంత చెప్తా."

సురేంద్ర, ఇంకొక పిల్లను వెతకాలని అర్థమై, చెప్పులు వేసుకున్నాడు. ఓబులమ్మ వాకిలి దాకా వెంట వచ్చింది.

"సార్, బియ్యం ఆడ, పింఛను ఆడ, మాత్రలు ఆడ. మరి నా ఓటు యాడ?"

సురేంద్ర ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు.

"ఎంత మాట అక్కా! నీ ఓటు ఈడే!"