పురిటి పెట్టె ప్రతిష్ఠ

"ఒక కుటుంబం ఎంతటిదో దాని ఇల్లు చూసి కాదు, ఆ ఇంటి ఆడపిల్ల కాన్పుకి పట్టుకెళ్లే పెట్టె చూసి చెప్పాలి!"

ఇలా ప్రకటించినవారు మా నాన్న యెహోషువ గారు. మండలాఫీసులో సీనియర్ అసిస్టెంటుగా రిటైరై, ప్రస్తుతం చోడవరంలో మా చర్చి కమిటీకి కార్యదర్శిగా, మా అమ్మ కరుణమ్మకి పైఅధికారిగా పనిచేస్తున్నారు. కాన్పు మాత్రం నాది. తొలికాన్పు కాబట్టి పుట్టింటికి వచ్చాను. ఆసుపత్రి విశాఖపట్నంలో కుదిర్చారు. ఫోన్లో నాన్న వాళ్లనడిగిన మొదటి ప్రశ్న, లిఫ్టు ఉందా అని. డాక్టరు ఉంటారా అని అమ్మ అడిగింది.

నాన్న బాధంతా మా మావగారు రిచర్డ్ గారి గురించే. వాళ్లది విశాఖపట్నం. ఆసుపత్రి గదిలో మా పెట్టె వాళ్లెదుటే తెరుచుకుంటుంది. అప్పుడు మా పరువేం కావాలి!

ఇంత పరువుగల నాన్న ఇస్త్రీ ప్యాంటు లేకుండా వీధి గుమ్మం దాటరు. తలుపేశాక మాత్రం ఆకుపచ్చ గళ్ల లుంగీ. ఎన్నేళ్లదో తెలీదు. వెనకవైపు లుంగీ తక్కువ, అమ్మ వేసిన అతుకులు ఎక్కువ. అది కట్టుకోకపోతే ఆయనకి నిద్ర పట్టదు. ఇల్లు తుడవడానికి దాన్ని అమ్మ ఎన్నిసార్లు తీసినా, బకెట్లోంచి మళ్లీ ఆయన నడుముకే చేరేది. ఇది మా ఇంటి పరమ రహస్యం.

పెట్టె సంగతి. అమ్మ తన పాత నూలుచీరలు చింపి, వేణ్ణీళ్లలో ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, మడతలు పెట్టి మూట కట్టింది. పుట్టిన బిడ్డకి కొత్తగుడ్డ ఒరుసుకుంటుందని మావైపు పాతగుడ్డలోనే చుడతారు. నన్ను అమ్మమ్మ చీరలో చుట్టారట. నా బిడ్డని అమ్మ చీరలో చుట్టాలని నాకెంత ఆశో! ఆ మూట పక్కన పెట్టుకునే నిద్రపోయేదాన్ని.

నాన్న చూశారు.

"ఒసే కరుణా, ఏటివి?"

"పాతగుడ్డలండీ. బిడ్డకి."

"రిచర్డ్ బావగారి ఎదురుగా ఈ పేలికలు తీస్తావేటి? యెహోషువ ఇంట్లో గుడ్డలు కూడా నేవనుకోరా? ఇందుమూలంగా తెలియజేస్తన్నాను. ఈ పెట్టెలో పాతదన్నది ఒక్కటి ఉండకూడదు!"

"నాన్నా, కొత్తవాటికి పసిపిల్ల ఒళ్లు కందిపోతాది. నాకా మూట కావాల," అన్నాను.

"సదువుకున్న దానివి, పేలికలు కావాలంటావేటమ్మా!"

మూట అటకెక్కింది. నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. కడుపుతో ఉన్నవాళ్లకి ఇలాంటివి మామూలేనని నాన్న రెండింటినీ ఒకే ఫైల్లో కట్టేశారు.

ఆ తర్వాత ఎర్ర చక్రాల సూట్‌కేసు దిగింది. జరీ గౌన్లు, గంజి దిగని తువాళ్లు, డాక్టరుగారికి కప్పడానికి శాలువా, పరామర్శకొచ్చేవాళ్లకి స్టీలు గ్లాసులు. దేనికీ లేబుల్ తియ్యనివ్వలేదు. లేబుల్ తీసేస్తే కొత్తదని ఎలా తెలుస్తుంది?

దాన్ని ముందుగదిలో మూత తెరిచి, మంచం మీద ప్రదర్శనకు పెట్టారు. పక్కింటి అచ్చియ్యమ్మ వచ్చి చుట్టూ తిరిగి చూసింది.

"బాగుంది బాబూ, పెళ్లి సామానులాగుంది. మరి బిడ్డకేటి సుడతారు?"

"అవన్నీ ఆసుపత్రోళ్లు సూసుకుంటారు!" అన్నారు నాన్న, వచ్చే రెండో సందర్శకుడి కోసం గౌన్లు సర్దుతూ.

మా ఊళ్లో కొత్త బైకు కొన్నా, బోరు వేయించినా చర్చి అయ్యగారిని పిలిచి ప్రతిష్ఠ ప్రార్థన చేయించడం వాడుక. సూట్‌కేసుకి చేయించిన ఘనత మాత్రం మా నాన్నదే! కమిటీవారంతా వచ్చారు. మా ఆయన రోషన్‌ని కూడా విశాఖపట్నం నుంచి రప్పించారు. అయ్యగారు పెట్టె మీద చెయ్యి పెట్టి ప్రార్థించి, చివర్లో గుర్తొచ్చి నన్ను కూడా దీవించారు. సమోసాలయ్యాక నాన్న పెట్టెని గదిలోకి లాక్కెళ్లి, తలుపు గడియ వేసుకుని, ఒక్కరే ఏదో సర్ది, నంబరు తాళం బిగించారు.

మర్నాడే నొప్పులు మొదలయ్యాయి. డాక్టరు చెప్పిన తేదీకి ముందే! రోషన్ కారు తీశాడు. చెరుకు గానుగాడే రోజులు. గోవాడ చక్కెర మిల్లుకి వెళ్లే ట్రాక్టర్లతో రోడ్డు కదలదు. కె.కోటపాడు దారిలో నా అరుపులకి అమ్మ స్టీరింగ్ మీద చెయ్యేసింది.

"బాబూ రోషన్, ఆ సర్కారాసుపత్రి దగ్గర ఆపీ!"

"ఇక్కడేటే! ఇక్కడ లిఫ్టు నేదు!" అన్నారు నాన్న.

"ఇక్కడ మేడే నేదు నాన్నా!" అని అరిచాను.

ఆడపిల్ల పుట్టింది. దాని గొంతు వినగానే నేను పడ్డదంతా మరిచిపోయాను. దారిలోనే రోషన్ ఫోను చెయ్యడంతో మావగారు, అత్తగారు, ఐదో నెల గర్భిణి అయిన మా ఆడపడుచు జెస్సికా అప్పటికే వచ్చేశారు.

"బిడ్డకి ఉతికిన మెత్తటి గుడ్డ ఇవ్వండమ్మా, తొందరగా!" అంది నర్సు.

అందరూ సూట్‌కేసు వైపు చూశారు. నాన్న మాత్రం మావగారి వైపు చూసి, "నంబరు మర్చిపోయేను," అన్నారు.

"మర్చిపోడవేటండీ!" అంది అమ్మ.

పాప గుక్కపట్టి ఏడుస్తోంది. రోషన్ బయటికెళ్లి రాయి తెచ్చాడు. రాయి చూడగానే నాన్నకి నంబరు గుర్తొచ్చింది.

నర్సు ఒక్కొక్కటే తీసింది. "ఇదేటి బాబూ, గౌనా, ముళ్లకంపా? ఈ తువ్వాలు అట్టలాగుందేటి? శాలువా ఎవరికి?" గ్లాసులు గణగణమన్నాయి. అట్టడుగున పేపర్లో చుట్టిన పొట్లం.

"అది తియ్యకండి! ఆఫీసు కాగితాలు!"

నర్సు విప్పేసింది. ఆకుపచ్చ గళ్లు. వాటి మధ్య రకరకాల రంగుల అతుకులు. నర్సు దాన్ని దులిపి పైకెత్తింది.

"ఎవరిదిది?"

నాన్న ఫ్యాను కేసి చూస్తున్నారు.

"ఈయనదేనమ్మా. అతుకులు నావి," అంది అమ్మ. "నిన్ననే వేణ్ణీళ్లలో ఉతికి ఎండేసేను."

"ఇదిగో, ఇలాటిదే కావాల!" అంటూ నర్సు పాపని అందులో చుట్టి నా పక్కన పడుకోబెట్టింది. ఏడుపు ఆగిపోయింది. ఆ లుంగీకి మా ఇంటి సబ్బు వాసన. అమ్మ చీర కాకపోయినా అమ్మ కుట్లు నా వేళ్లకి తగిలాయి. నాన్న మీద కోపంగానే ఉంది, అయినా ఆ పూట నాకు ప్రపంచంలో ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

"ఏటి బావగారూ ఇది?" మావగారు అడిగారు.

నాన్న కాలరు సర్దుకున్నారు.

"మా వంశాచారం బావగారూ! మా ఇంటి బిడ్డకి తొలిగుడ్డ తాత లుంగీయే అవ్వాల. ఎంత పాతదైతే అంత గౌరవం. అందుకే భద్రంగా అడుగున పెట్టించేను. కొత్తగుడ్డ మాకు నిషేధం!"

అమ్మకి దగ్గొచ్చింది. అత్తగారికి కళ్లు చెమర్చాయి. మావగారు పాపనీ లుంగీనీ ఫోటో తీసుకున్నారు.

చోడవరం వచ్చాక నాన్న ఫెళఫెళలాడే కొత్త పంచెతో పడుకుని, తెల్లారేసరికి కళ్లు ఎర్రగా లేచేవారు. ఓ మధ్యాహ్నం మెల్లగా నా మంచం దగ్గరికొచ్చారు.

"అమ్మా గ్లోరియా... పసిగుంటకి అది ఇంకా కావాలేటి? అటక మీద మీ అమ్మ గుడ్డలున్నాయి కదా. మెత్తగుంటాయి. దింపమంటావా?"

"దింపు నాన్నా. లుంగీ ఎలాగూ నేదు. జెస్సికా కాన్పుకి ఆచారం తప్పకూడదని మావయ్యగారు నిన్న పాపని చూడ్డానికొచ్చి పట్టుకెళ్లేరు. బీరువాలో పెట్టేరంట."

నాన్న కొత్త పంచె ఎగ్గట్టారు. తర్వాత స్టూలు వేసుకుని అటకెక్కి మూట దింపారు. పాపకి ఇచ్చేముందు అందులో పెద్ద ముక్క ఒకటి తీసి, తన నడుముకి చుట్టూ వస్తుందో లేదో చూసుకున్నారు.