సభ్యులవారి కిటికీ

జాతీయ శాసనసభలో గౌరవ సభ్యులవారు తొలిసారి నోరు విప్పింది దేశభక్తి పొంగి కాదు, ఉక్కపోసి. ఈ సంగతి అధికారికంగా ఎక్కడా నమోదు కాలేదు గనుక ఇక్కడ చెప్పక తప్పడం లేదు.

ఆ రోజు ప్రభుత్వ కార్యాలయాల్లో ప్రజలకు అందుతున్న సేవల మీద చర్చ. సభ్యులవారిది అధికార పక్షం చివరి వరసలో గోడవార సీటు. ఎన్నికైన నాటినుంచీ ఆయన ఆ సీటును ఎంతో విశ్వాసంగా అంటిపెట్టుకుని ఉన్నారు. మధ్యాహ్నం భోజనం కాస్త గట్టిగా పడింది. ఏసీ మొరాయించింది. ముందు వరసలో ఎవరో అంకెలు చదువుతున్నారు. సభ్యులవారు కాలర్ వదులు చేసుకుని, తలుపు దగ్గరున్న బంట్రోతుకేసి చూసి, "ఆ కిటికీ కాస్త తెరవండయ్యా, ఊపిరాడక చస్తున్నాం" అన్నారు. ఆయనది పుట్టుకతోనే పెద్ద గొంతు. పైగా మైకు పనిచేస్తోంది.

సభంతా ఆయన వైపు తిరిగింది. ఆ తరవాత బల్లలు దద్దరిల్లాయి. కార్యాలయాల్లో కౌంటర్ కిటికీలు మూసుకుపోయి జనం ఊపిరాడక చస్తున్నారని అధికార పక్షమే ఒప్పుకుందని ప్రతిపక్షం కేకలు వేసింది. ఆత్మవిమర్శ అంటే ఇదీ అని అధికార పక్షం తన భుజం తనే తట్టుకుంది. సేవల శాఖ మంత్రి లేచి, "గౌరవ సభ్యుల ఆవేదనను ప్రభుత్వం గుర్తించింది. ప్రతి కార్యాలయంలోనూ కొత్త కిటికీలు తెరిపిస్తాం" అని ప్రకటించారు. ఏం జరిగిందో తెలియక సభ్యులవారు చేతులు జోడించారు. అందరూ దాన్ని వినయం అన్నారు. సభలో కిటికీ మాత్రం ఎవరూ తెరవలేదు.

మర్నాడు పత్రికల నిండా ఆయన ఫొటోలే. సభ్యులవారు కంగారుపడి తన కార్యదర్శిని పిలిచారు.

"నేనన్నది గాలి కోసమయ్యా."

"ఆ మాట ఇంకెక్కడా అనకండి సార్. ఇన్నాళ్లకి గాలి మన వైపు మళ్లింది" అన్నాడు కార్యదర్శి.

మంత్రిగారు మాట తప్పే మనిషి కారు. ప్రతి కార్యాలయం గోడకూ వరసగా కిటికీలు కొట్టించారు. వాటి వెనక మనుషుల్ని పెట్టడానికి నిధులు చాలలేదు గనుక పాత గుమాస్తా ఒక్కడే మిగిలాడు. పాపం, అతను లోపల ఈ కొసనుంచి ఆ కొసకు పరుగెత్తేవాడు. ఏ కిటికీలో అతని తల కనిపిస్తే జనం బయట ఆ కిటికీకి పరుగెత్తేవారు. ప్రజల్లో చురుకుదనం పెరిగిందని శాఖ సంతోషం వెలిబుచ్చింది.

తరవాత ఆసుపత్రుల మీద చర్చ వచ్చింది. సభ్యులవారికి ఆ రోజు నడుం పట్టేసింది. కాసేపు లేచి నిలబడ్డారు. మాట్లాడటానికే లేచారనుకున్న సభాపతి మిగతావాళ్లను కూర్చోబెట్టి, "గౌరవ సభ్యులు సెలవివ్వండి" అన్నారు. ఏం సెలవివ్వాలో తోచక ఆయన ఉన్నమాట అనేశారు.

"ఏం లేదండీ, కూర్చుంటే ప్రాణం పోతోంది. నిలబడితేనే హాయిగా ఉంది."

వారం తిరక్కుండా ఆసుపత్రుల్లో రోగులు వేచివుండే హాళ్లలో కుర్చీలు ఎత్తేశారు. కూర్చోవడం ప్రాణాంతకమని సభ సాక్షిగా తేలిపోయింది మరి. తీసేసిన కుర్చీలను ఎక్కడ పెట్టాలో తేల్చడానికి ఒక సంఘం వేశారు. సంఘం కూర్చోడానికి అవి బాగా పనికొచ్చాయి.

ఇక బస్సుల మీద చర్చ. సాయంత్రమైంది, టీ రాలేదు. సభ్యులవారు విసుగెత్తి, "ఇంకా ఎంతసేపు? అసలు వస్తుందా రాదా?" అన్నారు. బస్సు కోసం ఎండలో నిలబడ్డ సామాన్యుడే సభలోకి వచ్చి మాట్లాడినట్టుందని ఒక సభ్యురాలు కళ్లు తుడుచుకున్నారు. రవాణా మంత్రి చలించిపోయి, ప్రతి స్టాపులోనూ 'వస్తుంది' అని పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టించారు. బస్సు రాకపోయినా బోర్డు వచ్చింది.

ఉత్తమ వక్త పురస్కారం అందుకునేనాటికి సభ్యులవారికి కూడా తానేదో అన్నానన్న నమ్మకం కుదిరింది. పొద్దున్నే అద్దం ముందు నిలబడి, ఆవలింతను భావయుక్తంగా ఎలా తీయాలో సాధన చేయసాగారు.

ఆయన ఈ లోకంలో భయపడేది వాళ్లక్క ఒక్కర్తికే. తల్లి పోయాక కుట్టుమిషను తొక్కి ఆయన్ని చదివించిన మనిషి. ఆ తొక్కిన మోకాలే ఇప్పుడు ఆమెను తిప్పలు పెడుతోంది. తమ్ముడి పేరు చెప్పుకుని ముందుకెళ్లడం ఆమెకు నచ్చదు. ఒకరోజు పొద్దున ఒక్కతే ఆసుపత్రికి బయల్దేరింది. స్టాపులో బోర్డు కింద నిలబడింది. ఆసుపత్రిలో నిలబడింది. మందుల మంజూరు చీటీ కోసం కార్యాలయంలో గుమాస్తా తలను వెంబడించింది. అక్కణ్నించి తిన్నగా తమ్ముడింటికి వచ్చి సోఫాలో కూలబడింది.

"ఒరే చిన్నోడా, ఆసుపత్రిలో కుర్చీలేమయ్యాయిరా?"

"నిలబడితే నడుముకి మంచిదక్కా."

"నాకు నొప్పి మోకాలికి రా."

ప్రభుత్వ విధానంలో మోకాలి ప్రస్తావన లేదు.

"సభలో ఎవడో తెలివితక్కువ వెధవ చెప్పాడట, అందుకని తీయించారట. వాడెవడో నీకు తెలుసా?"

"తెలుసక్కా."

"పెద్దవాడేనా?"

"అలాగే అనుకుంటున్నాడక్కా."

అక్క చీర అంచు కాస్త పైకి లాగి మోకాలు చూపించింది. అది బూరెలా ఉబ్బి, నిగనిగలాడుతోంది. సభ్యులవారు వంటింట్లోకి వెళ్లి స్వయంగా నీళ్లు కాచి, తువ్వాలు ముంచి కాపడం పెట్టారు. చేయి తగిలినప్పుడల్లా అక్క పళ్లు బిగించింది గానీ మూలగలేదు. తాను ఇన్నాళ్లూ నిగ్గదీసి మాట్లాడానని పేరు తెచ్చుకున్న విషయాలన్నీ ఒక్క మోకాలిలో పోగుపడి ఉండటం చూసి ఆయన తువ్వాలును మళ్లీ వేణ్నీళ్లలో ముంచారు.

"రేపు మాట్లాడతానక్కా. నిజంగా మాట్లాడతాను" అన్నారు.

కార్యదర్శి కాళ్లావేళ్లా పడ్డాడు. "సార్, మీరు పూర్తి వాక్యాలు మాట్లాడితే మనం మునిగిపోతాం" అన్నాడు. ఆయన వినలేదు.

మర్నాడు సభ్యులవారు లేచి నిలబడ్డారు. "నేను కిటికీ తెరవమన్నది ఉక్కపోసి. లేచి నిలబడింది నడుం పట్టేసి. వస్తుందా రాదా అన్నది టీ గురించి. అది మీరూ అలా అర్థం చేసుకోవాల్సింది కాదు, తెలిసీ నేనూ ఊరుకోవాల్సింది కాదు. కిటికీల వెనక మనుషుల్ని పెట్టండి. కుర్చీలు వెనక్కి వేయండి. బోర్డుల ఖర్చు బస్సులకు పెట్టండి" అని మొదలుపెట్టి, అక్క చెప్పినవన్నీ ఒక్కొక్కటే వివరించారు.

మొదట ఇందులో గూఢార్థమేమిటా అని అందరూ ముందుకు వంగారు. గూఢార్థం లేదని తేలేసరికి వెనక్కి వాలారు. అధికార పక్షం కునుకు తీసింది. ప్రతిపక్షం క్యాంటీనుకు నడిచింది. విలేకరులు వాళ్ల వెనకాలే వెళ్లారు. చివరికి సభాపతి గంట కొట్టి, "ఇది ప్రజాసేవల మీద చర్చ. గౌరవ సభ్యులు టీ, మోకాలు లాంటి సొంత విషయాలు తేవడం సభకు శోభ కాదు" అని మందలించి, ఆ ప్రసంగమంతా రికార్డుల్లోంచి తొలగించారు.

సభ్యులవారిలో పదును తగ్గిందని పత్రికలు రాశాయి. పార్టీ తరవాతి ఎన్నికల్లో టికెట్టు ఎక్కిళ్లు వచ్చే ఒకాయనకు ఇచ్చింది. ఎక్కడ ఆగుతారో తెలియకపోవడం వల్ల ఆయన మాటల్లో లోతు ఉంటుందని చెప్పుకున్నారు. కార్యదర్శి కూడా మంచినీళ్ల సీసా పట్టుకుని ఆయన దగ్గరే చేరాడు.

మాజీ అయిన సభ్యులవారు ఒకనాడు అక్కను తీసుకుని ఆసుపత్రికి వెళ్లారు. హాలులో వరస గోడవారగా సాగి వరండాలోకి వచ్చింది. వాళ్ల ముందు ఒకతను కాలికి పిండికట్టుతో, ఒంటికాలి మీద గోడకు చేరబడి ఉన్నాడు. పక్కనున్నది ఎవరో పోల్చుకోలేక కబుర్లలో పడ్డాడు.

"పాత సభ్యుడు బంగారమండీ. ఒక్క మాటంటే పనైపోయేది. చివర్లో ఏం మాయరోగం వచ్చిందో, కుర్చీలు మళ్లీ వేయమన్నాడట. అందుకే ఈసారి ఎక్కిళ్లాయనకే ఓటేశాను."

అక్క తమ్ముడి వైపు చూడకుండా అడిగింది. "కుర్చీ వేస్తే నువ్వు కూర్చోవా నాయనా?"

"నేను కూర్చుంటానమ్మా, నాకు కాలు విరిగింది కదా. కానీ మిగతా జనం అలవాటు పడిపోతారు" అన్నాడతను.

వరసలో ఉన్నవాళ్లందరూ ఒంటి బరువును ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ, నిజమేనని తలలూపారు.