ఆరో సవరణ ఇచ్చిన కుర్చీ

బుధవారం మధ్యాహ్నం రెండుంబావుకి ఓటర్ల జాబితాలో తన పేరు లేదని ఒక దర్జీ ఆవిడకు తెలిసింది. జాబితా అదే రోజు ఐదింటికి మూసేస్తారు. ఓటింగు ఆదివారం.

అయ్యో అంటున్నారా? అనకండి. జాబితాలోంచి పేరు పోవడం పౌరులకు ఎంత మేలో, ఆవిడ వెనకాలే నాలుగడుగులు వేస్తే మీకే తెలుస్తుంది.

వీధిలో ఆవిడను కత్తెరక్క అంటారు. వాళ్ల అమ్మమ్మ రోజుల్లో ఆడవాళ్లకు ఓటు లేదు. ఆ ముసలావిడ ఈ ఓటర్ల జాబితా ఆఫీసుకే వచ్చి అడిగితే "లేదు, పో" అన్నారట. రెండే మాటలు. కాగితం లేదు, కారణం లేదు, కుర్చీ లేదు! రెండో సవరణతో కత్తెరక్క వాళ్లమ్మకు ఓటు వచ్చింది. ఇక రాజ్యాంగం వెనుదిరిగి చూడలేదు. మూడో సవరణ ఓటు వయసు తగ్గించింది. నాలుగోది, ఓటు ఎందుకు పోయిందో రాతపూర్వకంగా తెలుసుకునే హక్కు ఇచ్చింది. ఆ కారణం నచ్చకపోతే అప్పీలు చేసుకోమంది ఐదోది. ఆరోది మరీ దయగలది. ఆఫీసులో ఉన్నంతసేపూ కూర్చోమంది. కుర్చీకి వీపు ఉండాలని కూడా రాసింది.

జాబితాలో పేరున్నవాడికి వీటిలో ఒక్కటైనా పనికొస్తుందా? వెళ్లాడు, ఓటేశాడు, వచ్చాడు. పాపం! నాలుగు, ఐదు, ఆరు సవరణల రుచి వాడికేం తెలుసు?

మూడింటికి కత్తెరక్క కౌంటరు దగ్గరికి చేరింది. గుమాస్తా లేచి నిలబడ్డాడు.

"కూర్చోండక్కా. అది మీ హక్కు."

"కూర్చోడానికి నా కొట్లో స్టూలుంది నాయనా. నా పేరేమైంది?"

"ఇల్లు మారారా?"

"మారాను. ఎదురింట్లోకి."

"అదే మరి. మారారా అని మీకు మూడు ఉత్తరాలు రాశాం. మీరు పలకలేదు."

"ఎక్కడికి రాశారు?"

"పాతింటికి."

"మారిపోయినదాన్ని పాతింట్లో ఎలా ఉంటాను?"

"లేరనే కదక్కా పేరు తీసేశాం!"

మూడూ ఇరవైకి అదే ముక్క రాసి, సంతకం పెట్టి, కాగితం చేతికిచ్చాడు. నాలుగో సవరణ అమలైంది. తర్వాత అప్పీలు ఫారం ఇచ్చాడు. విచారణ పదకొండు రోజుల తర్వాత.

"ఆదివారం దాటాక ఓటు ఏం చేసుకోను? దిండు కింద పెట్టుకుని పడుకోనా?"

"తొందరపడకండక్కా. ఏడో సవరణ వస్తే రెండో అప్పీలు కూడా ఉంటుంది."

ఆదివారం ఓటింగు దేనిమీదో చెప్పలేదు కదూ? ఆ ఏడో సవరణ మీదే. పేరు పోయినవాళ్లకు రెండో అప్పీలు ఇవ్వాలా వద్దా అన్నది పేరున్నవాళ్లు తేలుస్తారు.

కత్తెరక్క ముఖం చూసి గుమాస్తా రాజ్యాంగం తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆ ఆఫీసులో కొత్త పుస్తకం కొనరు. సవరణ వచ్చినప్పుడల్లా అచ్చువేసిన చీటీ ఒకటి వస్తుంది. దాన్ని గుమాస్తా తగిన పేజీలో అతికిస్తాడు. పుస్తకం ఇప్పుడు మూత పడటం లేదు.

"చూడండి, మీ హక్కులు ఎంత పెరిగాయో!"

కత్తెరక్క పేజీ తడిమింది. ముప్ఫై ఏళ్లుగా గుడ్డ తడిమిన వేళ్లు అవి.

"చొక్కా బిగుతైతే పక్క కుట్టు విప్పుతాం నాయనా. లోపల మడత ఉంటేనే వదులవుతుంది. పైన అతుకు మీద అతుకేస్తే బరువే. ఈ నాలుగో చీటీ కింద ఏముంది?"

"ఏముంటుందక్కా, కాగితం!"

ఆవిడ సంచిలోంచి కుట్లు విప్పే సూది తీసింది. జిగురు పై రెండు మూలలకే ఉంది. చీటీ చిరగకుండా లేచింది. కింద రెండో సవరణ చీటీ ఉంది. కత్తెరక్క పైకి చదివింది.

"వయసొచ్చిన ప్రతి పౌరుడికీ, పౌరురాలికీ ఓటు ఉంటుంది. ఇల్లు మారిన కారణంగా దాన్ని తీసివేయరాదు."

గుమాస్తా ఆ వాక్యం తనూ రెండుసార్లు చదివాడు. ఆ పేజీని అతను తొమ్మిదేళ్లుగా చూస్తున్నాడు.

"అతికించిన రోజు పేజీలో ఖాళీ లేదక్కా" అన్నాడు.

"సరేలే. ఇప్పుడు నా పేరు రాయి."

"రాస్తాను. పెద్దసారు సంతకం పెట్టాలి. పైనున్నారు. ఏడో సవరణ చీటీ ఎక్కడ అతికించాలో చూస్తున్నారు."

నాలుగూ నలభైకి గుమాస్తా మెట్లెక్కాడు. కత్తెరక్క కుర్చీలో కూర్చుంది. వీపున్న కుర్చీ! అమ్మమ్మకు దొరికిందా?

ఐదింటికి జాబితా మూసేశారు. అందులో కత్తెరక్క పేరు లేదు.

ఐదూ ఐదుకి గుమాస్తా జిగురు సీసాతో కిందికి దిగాడు. నాలుగో సవరణ చీటీని మళ్లీ అదే చోట అతికించాడు. ఈసారి నాలుగంచులకూ జిగురు రాశాడు.