సత్రం గడప దాటని నలుగురు వీరులు

ఒక పెద్ద అడవిలో జరిగిన సంగతి ఇది. ఎంత పెద్ద అడవంటే, ఈ చివర తుమ్మిన ఏనుగుకి ఆ చివర నుంచి "చిరంజీవ" అన్న మాట చేరేసరికి దాని మనవరాలికి పెళ్లయిపోయేది. నమ్మం అని అనదలుచుకున్నవాళ్లు ఇప్పుడే అనెయ్యండి, దమ్ముంటే. కథ మధ్యలో లేచి "ఏదుపందికి ఉద్యోగమేమిటండీ" అంటే మాత్రం కుదరదు. ఇందులో ఎక్కువ చేసి చెప్పింది ఒక్క ముక్క కూడా లేదు. జరిగినదాన్ని తగ్గించి చెప్పడానికే తల ప్రాణం తోకకొస్తోంది.

ఆ ఏడు వాన అలాంటిలాంటి వాన కాదు. చేపలు చెట్లెక్కి గూళ్లు పెట్టుకున్నాయి. కప్పలు ఇంటింటికీ తిరిగి గొడుగులడిగాయి. మిగిలిన జంతువులన్నీ ఏనుగు ఐరావతమ్మ గుహలో తలదాచుకున్నాయి.

ఐరావతమ్మ అటవీ మండలి అధ్యక్షురాలు. ఇరవై రెండేళ్లుగా ఎన్నికలు పెట్టకుండానే గెలుస్తోంది. ఆవిడ గుహ పెద్దదే కానీ పైకప్పంతా కారుతుంది. పొడిగా ఉండేది ఒక్క మూల. ఆ మూల ఏదుపంది కంటకయ్యది.

అది ఊరికే రాలేదు. కంటకయ్య వేషాల ఆటకి సూత్రధారి. ఆట ఏమీ బ్రహ్మవిద్య కాదు. నలుగురు కూర్చుని తలో వేషం అనుకుంటారు. సూత్రధారి కథ నడుపుతాడు. "ఎదురుగా నది, ఏం చేస్తారు?" అంటాడు. "ఈదుతాం" అంటే అరగదీసిన చింతగింజలు వేస్తారు. తెల్లవైపు పడితే ఈదినట్టు, నల్లవైపు పడితే మునిగినట్టు. కూర్చున్నచోటు నుంచి కదలకుండా పద్నాలుగు లోకాలూ తిరిగి రావచ్చు. వానలో ఇరుక్కున్న జంతువులు ఒకదాన్నొకటి కొరుక్కోకుండా ఉండాలంటే ఇంతకన్నా మంచి కాలక్షేపం లేదని మండలి తీర్మానించింది. ఆట సాగినంత కాలం పొడి మూల సూత్రధారిది.

కంటకయ్య సామాన్యుడనుకునేరు. ఒకసారి అతను కథ చెబుతుంటే కొండమీది వాగు వినడానికి సగంలో ఆగిపోయింది. కింద నీళ్లు తాగుతున్న దుప్పులు నాలుకలు చాపుకుని అలాగే నిలబడిపోయాయి. అంతటివాడికి ఆ ఏడాది నలుగురు ఆటగాళ్లు తగులుకున్నారు.

మొదటిరోజు వేషాలు చెప్పమన్నాడు.

నెమలి పింఛాలరావు తోక సర్దుకున్నాడు. "నాది మహారాజు వేషం. ఏడు దీవులూ నావే. శత్రువులు లేరు, కోరికల్లేవు. రాసుకో."

కుందేలు వీరాస్వామి ఎండుటాకు కదిలితే మూర్ఛపోయే రకం. అతను గొంతు బొంగురు చేసుకుని, "నాది ఒంటరి వీరుడి వేషం," అన్నాడు. "ఏడువందల సింహాలని చంపాడు. ఎవణ్నీ నమ్మడు. ఎవడితోనూ కలిసి నడవడు."

ముంగిస పేరిందేవికి ఆట నిబంధనలన్నీ కంఠతా వచ్చు. "నాది పాముల మీద పగబట్టిన అనాథ వేషం. పగ తీరేదాకా ఎవరితోనూ మాట్లాడనని ఒట్టు. మూడో నిబంధన ప్రకారం ఒట్టు తప్పితే వేషం పోయినట్టే. తర్వాత నన్ననకండి."

ఎలుగుబంటి బొంతయ్య ఆవులించాడు. "నాది ముని వేషం. తపస్సులో ఉన్నాడు."

"ఎప్పుడు లేస్తాడు బాబాయ్?" అన్నాడు కంటకయ్య.

"లేవడు. అదేరా తపస్సంటే."

కంటకయ్య ముళ్లు నిక్కబొడుచుకున్నాయి. అయినా నవ్వాడు. "సరే. వానకి ఆగి మీరు నలుగురూ ఒక సత్రంలో కలిశారు. అంతలో వాకిట్లోకి ఒక ముసలావిడ వచ్చి, కొండ వెనకాల పెద్ద నిధి ఉందని చెప్పింది. ఏం చేస్తారు?"

"నాకు ఏడు దీవులున్నాయి. ఆవిడకి కావాలంటే ఒకటి ఇస్తాను. నన్ను నడవమనకు," అన్నాడు పింఛాలరావు.

"నా వీరుడు ముసలావిడని నమ్మడు," అన్నాడు వీరాస్వామి.

బొంతయ్య గురక పెట్టాడు. అది మునిదో తనదో చెప్పలేదు.

రెండోరోజు రాకుమారిని రాక్షసుడు ఎత్తుకుపోయాడు. "ఎవరమ్మాయి? మనవాళ్లా?" అని విచారించి, కాదని తేలాక నలుగురూ సత్రంలోనే ఉన్నారు.

మూడోరోజు కంటకయ్య తన దగ్గరున్న అతిపెద్ద బాణం తీశాడు. లేచి నిలబడి, ముళ్లన్నీ గలగలలాడించి, "సముద్రం లేస్తోంది! ఏడురోజుల్లో లోకం మునిగిపోతుంది! ఆపగలవాళ్లు మీరు నలుగురే!" అని అరిచాడు. ఆ అరుపుకి గుహ బయట వాన రెండు నిమిషాలు ఆగింది.

బొంతయ్య ఒక కన్ను తెరిచాడు. "మునికి కావలసింది మోక్షం. అదే ఇంటికొస్తుంటే మేమెందుకు ఎదురెళ్లడం?"

"లోకం మునిగితే పాములూ మునుగుతాయి. నా పగ తీరినట్టే," అంది పేరిందేవి. "ఇది నేనంటున్న మాట. నా వేషం ఒట్టు మీద ఉంది, మాట్లాడదు."

అలా నెలరోజులు గడిచాయి. చరిత్రలో అంత గొప్ప వీరులు నలుగురు, అంత చిన్న సత్రంలో, అంతకాలం కూర్చున్న దాఖలా ఇంకెక్కడా లేదు. కంటకయ్య బతిమాలాడు, భయపెట్టాడు, సత్రానికి నిప్పుకూడా పెట్టాడు. నలుగురూ నాలుగు కిటికీల్లోంచి దూకి, నాలుగు దిక్కులకి వెళ్లిపోయారు. మర్నాడు వాళ్లని మళ్లీ సత్రంలోకి తేవడానికి అతనికి రెండు పూటలు పట్టింది.

సంగతి ఐరావతమ్మ చెవిన పడింది. ఆ చెవుల్లో పడని సంగతి ఉండదు.

"ఏమయ్యా కంటకయ్యా, వాళ్లు ఇంకా సత్రంలోనే ఉన్నారటగా?"

"అమ్మగారూ, కలిసి బయల్దేరడానికి నలుగురికీ చెందిన కారణం ఒక్కటి కావాలండి. ఒకడికి కావలసింది ఇంకొకడికి అక్కర్లేదు."

"దానికేముంది, ఉపసంఘం వేద్దాం."

ఉమ్మడి కారణం వెతికే ఉపసంఘం వేశారు. సభ్యులు ఆ నలుగురే. ఏడుసార్లు సమావేశమై, చిలగడదుంపలు తిని, నివేదిక ఇచ్చారు. "ఉమ్మడి కారణం ఒకటి ఉండుట మిక్కిలి అవసరమని సభ్యులు ఏకాభిప్రాయానికి వచ్చిరి. అది ఏది అన్న విషయమై నాలుగు అభిప్రాయములు గలవు." నాలుగూ జతపరిచారు.

దాంతో ఐరావతమ్మ ఉత్తర్వు వేసింది: "ఇందుమూలంగా నలుగురు వీరులూ ఈ రోజు నుంచి ప్రాణస్నేహితులు." నలుగురూ ఉత్తర్వు అందినట్టు పంజా ముద్రలు వేసి, ప్రాణస్నేహితులుగా సత్రంలోనే కూర్చున్నారు.

అప్పుడావిడ కంటకయ్యని పిలిచి నెమ్మదిగా చెప్పింది. ఆవిడ నెమ్మదిగా మాట్లాడితే కొండరాళ్లు కూడా సర్దుకు కూర్చుంటాయి. "ఆశ్లేష కార్తె వెళ్లేలోగా నలుగురూ ఒక్క మాట మీద ఆ గడప దాటాలి. దాటకపోతే నీ మూల గుడ్లగూబ గారి ప్రవచనాలకి ఇచ్చేస్తాను. నీ దారి నువ్వు చూసుకో."

బయట వాన. ఏదుపందికి ముళ్లు నానితే కుదుళ్లు మెత్తబడతాయి. ఒక్కొక్కటే ఊడిపోతుంది. ముళ్లు లేని ఏదుపందిని చూస్తే పందికొక్కు కూడా "రా తమ్ముడూ" అంటుంది.

కార్తె వెళ్లడానికి ఇంకా మూడురోజులుంది. అతను తిండి మానేసి ఆలోచించాడు. ఆ ఆలోచన వేడికి చుట్టూ నేల ఆరిపోయి, పొడి మూల ఇంకో రెండు మూరలు పెరిగింది. ఆఖరికి తొడ చరుచుకుని, ముళ్లు గుచ్చుకుని, లేచాడు. వీళ్లకి కావలసింది కలిపి ఇస్తే లాభం లేదు. ఉన్నది లాక్కోవాలి.

మర్నాడు ఉదయమే మొదలుపెట్టాడు. "సత్రానికి నల్లగొంగళి బాటసారి ఒకడు వచ్చాడు. మీరు కునుకు తీశారు. లేచి చూస్తే మహారాజు కిరీటం లేదు. ముని కమండలం లేదు. అనాథ మెడలో వాళ్లమ్మ గుర్తుగా ఉన్న తాడు లేదు. ఒంటరి వీరుడు చంపిన ఏడువందల సింహాల జాబితా లేదు. బాటసారీ లేడు."

గుహలో చీమ నడిస్తే వినిపించేంత నిశ్శబ్దం. నడిచింది కూడా.

"నా కిరీటం?" అన్నాడు పింఛాలరావు, గొంతు కీచుమంది.

"జాబితా లేకపోతే నేను చంపానని ఎవరు నమ్ముతారు?" వీరాస్వామి నిజంగా ఏడ్చాడు.

"మా అమ్మ తాడు!" అని పేరిందేవి అరిచింది. వేషం ఒట్టు తప్పింది. మూడో నిబంధన ఆవిడకే గుర్తు రాలేదు.

బొంతయ్య లేచాడు. అవును, లేచాడు. అతను కూర్చున్నచోట నెలరోజులుగా వెలుతురు తగలని నేల బయటపడింది.

నలుగురూ భుజం భుజం కలిపారు. కంటకయ్య కళ్లు చెమర్చాయి. "దొంగ ఎటు వెళ్లాడో వెతుకుతూ గడప దాటుతున్నారు, అంతేనా?" అన్నాడు.

"ఆగండి," అంది పేరిందేవి. "దొంగతనానికి గింజలు వేశారా?"

"అంటే... కథ కోసమని..."

"వెయ్యలేదు. ఎనిమిదో నిబంధన. గింజలు పడకుండా ఏదీ జరగదు. మరి జరిగిందంటే ఎవరు జరిపినట్టు?"

"ఆ గొంగళివాడి వేషం ఎవరిది?" అన్నాడు వీరాస్వామి.

"సత్రంలో మనం నలుగురమే ఉన్నాం," అన్నాడు పింఛాలరావు. "ఐదోవాడు..."

నాలుగు తలలు ఒక్కసారి కంటకయ్య వైపు తిరిగాయి.

ఆ తర్వాత వాళ్లు చూపించిన ఐకమత్యం దేవతలు పాలసముద్రం చిలికినప్పుడు కూడా లేదు. పింఛాలరావు పురివిప్పి దారి మూసేశాడు. వీరాస్వామి అడ్డం పరిగెత్తి వెనకదారి కాశాడు. పేరిందేవి నిలబడినచోటే అర్జీ చెప్పి రాయించింది. బొంతయ్య ముళ్లని లెక్కచెయ్యకుండా కంటకయ్యని చంకలో ఇరికించుకున్నాడు. అందరూ కలిసి ఐరావతమ్మ ముందు నిలబడ్డారు.

"మా నలుగురి వేషాలూ, మేమూ, మొత్తం ఎనిమిదిమందిమి ఏకగ్రీవంగా కోరేదేమంటే, ఈ దొంగని బయటికి గెంటాలి!"

ఐరావతమ్మ వాళ్లని పైనుంచి కిందిదాకా చూసింది. "గడప దాటారా?"

"దాటామండి. వీణ్ని దాటించడానికే దాటాం."

"అయితే కంటకయ్యా, నువ్వు గెలిచావు!" ఆవిడ తొండం ఎత్తి ఘీంకరించింది. వెంటనే 'ఐకమత్య శిల్పి' బిరుదిచ్చి శాలువా కప్పారు. ముళ్ల మీద పడి అది జల్లెడైంది. చప్పట్లు ఆగకముందే అర్జీ ప్రకారం అతన్ని వానలోకి గెంటారు.

మధ్యాహ్నానికి గుహలో పింఛాలరావు తోకకి పదకొండు ఈకలు తక్కువయ్యాయి. పేరిందేవి వీరాస్వామి మీద మూడు ఫిర్యాదులు పెట్టింది. బొంతయ్య మళ్లీ తపస్సులో కూర్చున్నాడు, ఈసారి వీరాస్వామి చెవి మీద. గెంటడానికి ఎవరూ మిగలకపోవడంతో నలుగురికీ మళ్లీ కారణం లేకుండా పోయింది.

ఐరావతమ్మ స్వయంగా వానలోకి వచ్చింది. కంటకయ్య ఒక రాయి కింద ముడుచుకుని, ఊడిన ముళ్లు ఏరుకుంటున్నాడు.

"నీకు శాశ్వత ఉద్యోగం వేశాం. హోదా: ఉమ్మడి కారణం. రోజూ ఉదయం లోపలికొచ్చి ఏదో ఒకటి దొంగిలిస్తావు. నలుగురూ కలిసి నిన్ను తరుముతారు."

"అమ్మగారూ, మరి పొడి మూల?"

"తరిమేదాకా నీదే."

"సెలవులు?"

"ఐకమత్యానికి సెలవేమిటయ్యా!"

కంటకయ్య ఆకాశం కేసి చూశాడు. వాన అతని మొహం మీదే పడింది. లేచి, ముళ్లు దులుపుకుని, ఆవిడ వెనకాలే నడిచాడు. మర్నాటి నుంచి వీరులు తరమడానికి వచ్చేసరికి పొద్దెక్కేలా, దొంగిలించిన వస్తువుని చాలా జాగ్రత్తగా దాచడం నేర్చుకున్నాడు.

నీతి: నలుగురు కలిసి నడవాలంటే గమ్యం చూపించకండి, తరమడానికి ఒకణ్ని చూపించండి.

ఇదంతా అబద్ధమనేవాళ్లు, ఆ వానాకాలమంతా గుహ కప్పుకి తలకిందులుగా వేలాడుతూ ఒక్క పూట కూడా రెప్ప వెయ్యకుండా చూసిన గబ్బిలాన్ని అడగండి. ఇప్పటికీ అక్కడే ఉంటాడు. పేరు వేలాడపల్లి తాతబ్బాయి.