దాదా నంబరు టవలు

దాజీ పేట్ చరిత్రలో సువర్ణాక్షరాలతో రాయదగిన ప్రకటన ఆ మంగళవారం వెలువడింది. భావి నగరసేవక్, అంటే కాబోయే కార్పొరేటర్, అంబాదాస్ దాదా తమ కొత్త కారుకు నంబర్ ప్లేటు బిగించే శుభకార్యాన్ని ప్రజలకు అంకితం చేస్తున్నారు! దాదా పన్నెండేళ్లుగా భావి నగరసేవకే. ఇంతకాలం ఒకే పదవిలో నిలబడ్డ నాయకుడు జిల్లాలో మరొకరు లేరు.

సభలో దాదా ప్లేటు విద్యంతా విప్పి చెప్పారు.

"ఎమ్‌హెచ్ అంటే మన రాష్ట్రం. పదమూడంటే మన సోలాపూర్. అటెన్క అక్షరాలు సిరీస్. ఆఖర్ల నాలుగంకెలు మనిషి ఇజ్జత్. నాది మూడు సున్నాలు, తొమ్మిది! హాలోగ్రామున్నది, లేజర్ నంబరున్నది. దీన్ని ఎవని తాత గూడ నకల్ కొట్టలేడు!"

వచ్చినవాళ్లందరికీ రివాజు ప్రకారం టోపీ, టవలు పెట్టారు. ఐదు వందల టవళ్లూ నేసింది ఇంట్లోనే పవర్‌లూమ్ నడిపే కార్మికుడు సిద్ధరాములు. దూరంకెల్లి కనబడాలని దాదా హుకుం కాబట్టి అంచు మీద కారు నంబరు మొత్తం జానెడెత్తున నేశాడు.

సిద్ధరాములు బాధ వేరు. అతని మోపెడ్‌కు ఇరవై ఏళ్లు. భార్య పార్వతీబాయి చుట్టిన బీడీలు రోజూ దాని మీదే పదింటిలోపు కార్ఖానాకు చేరాలి. ఆలస్యమైతే బీడీలు తీసుకోరు, మర్నాటికి ఆకు ఇవ్వరు. పాత బండ్లకూ తప్పనిసరి చేసిన ఆ హాలోగ్రాము ప్లేటు లేదని అశోక్ చౌక్‌లో హవల్దారు నిన్ననే ఆపాడు. ఇంకోసారి చిక్కితే బండి ఠాణాలో జమ అన్నాడు.

"దాదా, జర చెప్పి ప్లేటు ఇప్పియ్యున్రి" అని బతిమాలాడు సిద్ధరాములు.

"అంతా ఆన్‌లైన్, సిద్ధరాములూ. నేను గూడ కాయిదకు కట్టుబడ్డోన్ని." దాదా ఫోన్ నొక్కారు. "వచ్చే నెల పంతొమ్మిది. అపాయింట్‌మెంట్ దొర్కింది, నసీబున్నోడివి!"

"అందాక?"

"అందాక నడువున్రి. పానానికి మంచిది."

మర్నాడు పార్వతీబాయి మొగుణ్ణీ, దాదానూ కలిపి తిట్టుకుని, బీడీల గంప మీద దాదా టవలు కప్పి మోపెడ్ ఎక్కింది. టవలంచు వెనక్కి జారి పాత ప్లేటును కప్పేసింది. చౌక్‌లో హవల్దారు ఆపబోయి చెయ్యెత్తాడు, నంబరు చదివాడు, ఎత్తిన చేత్తోనే సెల్యూట్ కొట్టాడు.

"ఇదేం విడ్డూరమే అవ్వా!" అనుకుంటూ ఆమె తొమ్మిదిన్నరకే కార్ఖానా చేరింది.

సాయంత్రానికి పేట అంతా అదే ముచ్చట. గురువారం మోపెడ్లు, శుక్రవారం ఆటోలు, శనివారం నూలు టెంపోలు టవళ్లు కట్టుకుని రోడ్డెక్కాయి. సిద్ధరాములు మగ్గానికి ఊపిరి సలపలేదు.

అయితే కెమెరాలకు సెల్యూట్ కొట్టడం రాదు. చలాన్లు దాదా ఫోన్‌కు వానలా కురిశాయి. అశోక్ చౌక్‌లో ముగ్గురెక్కారు, అదే నిమిషంలో హోట్గి రోడ్డులో హెల్మెట్ లేదు. దాదా చలించలేదు. మహానుభావులు చలించరు. వెంటనే ఫ్లెక్సీ కట్టించారు: 'ఒకే నిమిషంలో పదకొండు చోట్ల ప్రజాసేవ! సర్కారీ రికార్డే సాక్ష్యం!'

నామినేషన్ రోజు వచ్చింది. పదిన్నరకు ముహూర్తం. దాదా కారు అశోక్ చౌక్‌లో ఎర్ర లైటు దగ్గర ఆగింది. హవల్దారుకు అనుమానమొచ్చింది.

"ఈ నంబర్ బండి సిగ్నల్‌కు ఆగుడేంది? టవలేది?"

"అరే, నేనే అంబాదాస్ దాదాను!"

"వారం సంది అందరు అదే చెప్తున్నరు. టవల్ చూపెట్టు."

దాదా కిందికి దిగి ప్లేటు చూపించారు, హాలోగ్రాము చూపించారు, లేజర్ నంబరు వేలుపెట్టి చదివారు.

"నకిలీది గిట్లనే పక్కాగుంటది" అన్నాడు హవల్దారు. కారు ఠాణాలో జమ అయింది.

దాదా చెమటలు కక్కుకుంటూ సిద్ధరాములు మగ్గం దగ్గరికి నడిచొచ్చారు. "సిద్ధరాములూ, ఒక్క టవలు! అర్జెంట్!"

సిద్ధరాములు మగ్గం ఆపలేదు. "లైన్ మస్తున్నది దాదా. నేను గూడ కాయిదకు కట్టుబడ్డోన్ని. వచ్చే నెల పంతొమ్మిది."

"అందాక?"

వాకిట్లో పార్వతీబాయి మోపెడ్ స్టార్ట్ చేసింది. గంప వెనక దాదా నంబరు రెపరెపలాడుతోంది.

"జర పక్కకు జరుగున్రి దాదా" అంది. "పదైతున్నది."